కాలువ నీటిలో ప్రాణి బతుకుతుందో లేదో పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ నగరం మధ్య నుంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు సాగుతున్నాయి. ఇళ్లలో బట్టలు ఉతికిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, హోటళ్లలో, ఆసుపత్రుల్లో నేల తుడిచిన నీళ్లు శుద్ధి అయ్యీ కాకుండానే వాటిలో కలుస్తున్నాయి. ఈ సమస్య చర్చకు వచ్చిన ప్రతిసారీ నురగ గురించో, దుర్వాసన గురించో, దోమల గురించో మాట్లాడుకుంటాం. నేను అడుగుతున్నది వేరు. ఆ నీటిలోని సబ్బు రసాయనాలు వెన్నెముక లేని చిన్న జలచరాలను ఎంతవరకు దెబ్బతీస్తున్నాయో తేల్చే పరీక్షను మన కాలువలకు, మురుగుశుద్ధి కేంద్రాల నుంచి బయటికి వచ్చే నీటికి తప్పనిసరి చేయాలి. అది రెండు రోజుల్లో ముగిసే పరీక్ష. పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు.

బట్టల పొడి, గిన్నెల ద్రావకం, షాంపూ, నేల తుడిచే మందు, వీటన్నిటిలో పని చేసేవి సర్ఫాక్టెంట్లు. నీటి తలతన్యతను తగ్గించి జిడ్డును విడదీయడం వాటి పని. జీవకణం పైపొర కూడా కొవ్వు పదార్థంతో ఏర్పడిందే కాబట్టి దాన్నీ అవి వదలవు. మొప్పలు, పలుచని చర్మం ఉన్న ప్రాణులు ముందుగా దెబ్బతింటాయి. మన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పత్తి చేలో పిండినల్లి కనిపిస్తే మందులో సబ్బుపొడి కలిపి కొడతాడు, దాని ఒంటిమీది మైనపు పూత చెదిరితే తప్ప మందు అంటదని అతనికి తెలుసు. చేప పిల్లలను పెంచేవారికీ తెలుసు. స్పాన్ (అప్పుడే పుట్టిన చేప పిల్లలు) వదిలే ముందు నర్సరీ చెరువులో పురుగులను చంపడానికి హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల బట్టల సబ్బు కలిపి చల్లమని మత్స్యశాస్త్ర పుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. అక్కడ పురుగుకు ఊపిరాడకుండా చేసేది ముఖ్యంగా నూనె పొర, ఆ పొరను నీటిమీద పరిచేది సబ్బు.

పరీక్ష సంగతికి వస్తాను. దీనికి ప్రపంచమంతటా వాడే ప్రాణి డాఫ్నియా, రొయ్యల వర్గానికి చెందిన అతి చిన్న మంచినీటి జీవి. పుట్టినప్పుడు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పెరిగినదాన్ని భూతద్దం కింద పెడితే ఒళ్లంతా గాజులా పారదర్శకంగా ఉండి, కొట్టుకుంటున్న గుండె, వీపు సంచిలోని గుడ్లు స్పష్టంగా కనిపిస్తాయి. నీటిలోని నాచు కణాలను వడకట్టుకుని తింటుంది, తాను చేప పిల్లలకు ఆహారమవుతుంది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) రూపొందించిన 202వ నంబరు పద్ధతి ప్రకారం పుట్టి 24 గంటలు దాటని పిల్లలను తీసుకోవాలి. పరీక్షించే రసాయనం ఒక్కో మోతాదుకు కనీసం 20 ప్రాణులు ఉండాలి, కనీసం అయిదు మోతాదులు పెట్టాలి. ఉదాహరణకు లీటరుకు 1, 2, 4, 8, 16 మిల్లీగ్రాములు. పక్కనే రసాయనం కలపని మంచి నీటిలో మరికొన్నింటిని ఉంచాలి. మేత వేయకూడదు. 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి గాజు పాత్రను మెల్లగా కదిపి చూస్తారు. 15 సెకన్లలో ఈదలేకపోతే, మీసాలు ఇంకా కదులుతున్నా సరే, ఆ ప్రాణిని కదలిక కోల్పోయినదానిగానే లెక్కిస్తారు. సగం ప్రాణులు ఆ స్థితికి చేరే మోతాదే ఆ రసాయనపు విషతీవ్రతకు కొలత. మంచి నీటిలో ఉంచినవాటిలో పది శాతానికి మించి కదలిక కోల్పోతే ఆ పరీక్షే చెల్లదు.

బట్టల పొడుల్లో విస్తారంగా వాడే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్ విషయంలో ఈ కొలత సాధారణంగా లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే. శుద్ధి చేయని ఇళ్ల మురుగులోనూ అది లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు ఉండటం మామూలే. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండటమే నా ఆందోళనకు కారణం. క్రిమిసంహారక ద్రావకాల్లో వాడే బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి ధనావేశ రకాలైతే లీటరుకు మిల్లీగ్రాములో పదో వంతు కన్నా తక్కువకే డాఫ్నియాను పడగొట్టగలవు. గవర్నరుపేట, సూర్యారావుపేటల్లో ఎన్ని ఆసుపత్రులు ఉన్నాయో ఈ ఊరివారికి నేను చెప్పనక్కర్లేదు.

ప్రస్తుత నిబంధనలు ఏం అడుగుతున్నాయి? మురుగుశుద్ధి కేంద్రాలకు కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరులో ఇచ్చిన ప్రమాణాల్లో ఉన్నవి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), బీవోడీ (నీటిలోని మలినాలను విరగ్గొట్టడానికి బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్), తేలియాడే ఘనపదార్థాలు, మలసంబంధ కోలీఫారం బ్యాక్టీరియా, అంతే. సర్ఫాక్టెంట్ ఊసే లేదు. పరిశ్రమల వ్యర్థ జలాలకు 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల్లో ఒక జీవ పరీక్ష ఉంది. వ్యర్థ జలాన్ని పలచన చేయకుండా అందులో వదిలిన చేపల్లో 90 శాతం 96 గంటల తరువాత బతికి ఉండాలి. మంచి నియమమే. కానీ చేప తట్టుకున్న నీటిని చేపకు ఆహారమయ్యే చిన్న ప్రాణి కూడా తట్టుకుంటుందన్న హామీ ఏమీ లేదు. తాగునీటి ప్రమాణంలో డిటర్జెంట్లకు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల పరిమితి ఉంది. దాన్ని కొలిచే మిథిలీన్ బ్లూ పరీక్ష రుణావేశ రకాలనే పట్టుకుంటుంది, ఆవేశం లేని రకాలు, ధనావేశ రకాలు దాని లెక్కలోకి రావు. డాఫ్నియాకు ఆ తేడాలతో పని లేదు. నీటిలో ఏమున్నా, అన్నీ కలిసి చేసే హాని దాని ఒంటిమీదే కనిపిస్తుంది.

ఈ రసాయనాలు బ్యాక్టీరియా వల్ల విచ్ఛిన్నమైపోతాయి కదా అని కొందరు అంటారు. నిజమే, ఆక్సిజన్ బాగా ఉన్న పారే నీటిలో బట్టల పొడుల్లోని ఆ లీనియర్ రకం త్వరగానే విరిగిపోతుంది. అయితే వేసవిలో కాలువలు కట్టేశాక మిగిలేది పారే నీరు కాదు, మడుగుల్లో నిలిచిన మురుగు. ఆక్సిజన్ లేని ఆ నల్లటి బురదలో అది విరగడం చాలా కష్టం. జూన్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి ఖరీఫ్‌కు నీరు వదిలినప్పుడు ఆ మడుగుల్లో పేరుకున్నదంతా ముందుగా కిందికి పోతుంది. కింద ఉన్నవి డెల్టా గ్రామాల తాగునీటి చెరువులు, చేపల చెరువులు. బుడమేరులో చేరినదైతే కొల్లేటికి పోతుంది. అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా 2002 నుంచి రామ్సర్ గుర్తింపు ఉన్న సరస్సు అది.

ఇంకొక చిక్కు ఉంది, దీన్ని నేను చిన్నదిగా చూడలేను. ఆ పరీక్షను 18 నుంచి 22 డిగ్రీల నీటిలో చేస్తారు. మే నెలలో మన కాలువ నీరు అంత చల్లగా ఎక్కడ ఉంటుంది? నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, ప్రాణికి దాని అవసరం పెరుగుతుంది. అందుకే విదేశీ అంకెలను అలాగే అప్పు తెచ్చుకోకుండా, మన చెరువుల్లోనే దొరికే, డాఫ్నియాకు దగ్గరి బంధువైన మోయినా లాంటి ప్రాణులతో, మన నీటి ఉష్ణోగ్రత దగ్గర కూడా పరీక్ష చేయాలి. మోయినాను పెంచడం మన హేచరీలకు కొత్త కాదు.

కాలుష్య నియంత్రణ మండలికి, నగరపాలక సంస్థకు నా విన్నపం ఇది. మూడు కాలువల నీటినీ నగరంలోకి వచ్చే చోట, నగరం దాటే చోట నమూనా తీయండి. కాలువలు కట్టేసే ముందు ఒకసారి, జూన్‌లో నీరు వదిలిన తొలి రోజుల్లో మరొకసారి తీయండి. సర్ఫాక్టెంట్లు సీసా గోడలకు అంటుకుంటాయి, సీసాలోని బ్యాక్టీరియా కూడా వాటిని తినేస్తుంది కాబట్టి నమూనాను ఐసులో పెట్టి వెంటనే ప్రయోగశాలకు చేర్చాలి. వారం తరువాత చేసిన పరీక్ష కాలువ గురించి ఏమీ చెప్పదు. ప్రాణులు చచ్చిపోతే అది సబ్బు వల్లే అనుకోకూడదు, అమోనియా కావచ్చు, పురుగుమందు కావచ్చు, ఆక్సిజన్ కొరత కావచ్చు. వాటినీ పక్కనే కొలిచి అసలు కారణాన్ని వెతకాలి. నగరం దాటే చోట మాత్రమే ప్రాణులు కదలిక కోల్పోతుంటే ఆ పైన కలిసే ప్రతి మురుగు కాలువ దగ్గరా విడిగా పరీక్షించాలి. 48 గంటల్లో బతికినంత మాత్రాన నీరు మంచిదని కూడా కాదు, సంతానం మీద ప్రభావానికి 21 రోజుల పరీక్ష వేరే ఉంది. ముందు ఈ చిన్నదైనా మొదలుపెట్టండి.

ఈ నగరంలో జంతుశాస్త్ర విభాగం ఉన్న డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. గాజు పాత్రలు, సూక్ష్మదర్శినులు, ఆసక్తి ఉన్న విద్యార్థులు అక్కడ ఉన్నారు. మండలి శాస్త్రవేత్తలు పద్ధతి నేర్పి, పర్యవేక్షించి, ఫలితాలను నెలనెలా తెలుగులో పత్రికలకు ఇస్తే చాలు. పిల్లలకు ఈ పని నేర్పడానికి నాలాంటి విశ్రాంత అధ్యాపకులు జీతం అడగకుండా వస్తారు.

— విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, విజయవాడ