బొమ్మలు ఆరకముందే ఇచ్చేశాను

నమస్కారమండీ. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా స్టేషనరీ షాపుకి వచ్చేవాళ్లకీ, శనివారం సాయంత్రాలు పిల్లల్ని జిగురు, రంగుల క్లాసుకి పంపినవాళ్లకీ ఈ కబురు. మొదటి రెండు వారాలూ కలిపి 14 మంది పిల్లలు 28 బొమ్మలు చేశారు. అందులో 17 ఇంటికెళ్లేసరికో, తెల్లారేసరికో పాడైపోయాయి. తప్పు పిల్లలది కాదు, నాది. డబ్బులు వెనక్కి కావాలన్నవాళ్లు షాపుకి రండి, ఎందుకని అడగను. ఇప్పటికి అయిదుగురు తీసుకున్నారు. "పోనీలెండి మేడమ్" అన్నవాళ్లూ ఉన్నారు గానీ, ఆ మాట వింటే నాకు ఇంకా సిగ్గుగా ఉంది.

మొదటి వారం ఉప్పు బొమ్మ. చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. దళసరి అట్ట మీద తెల్ల జిగురుతో గీతలు గీయాలి, గోరింటాకు కోన్‌తో పెట్టినంత లావుగా. తడి ఆరకముందే ఉప్పు చల్లి, అట్ట ఎత్తి దులిపేస్తే గీత మీదున్న ఉప్పు అంటుకుని మిగతాది రాలిపోతుంది. ఇప్పుడు నీళ్లలో కలిపిన రంగులో కుంచె ముంచి, కొసతో అలా తాకించాలి. రుద్దకూడదు. రంగు ఉప్పు వెంట దానంతటదే పాకుతుంది.

రెండో తరగతి గుంటడొకడు అట్టకి అడ్డంగా ఒక వంకర గీత గీశాడు. ఇంకేమీ లేదు, ఇల్లు లేదు, చెట్టు లేదు. నేను "ఇంతేనా రా?" అన్నాను కూడా. వాడు మాట్లాడకుండా ఉప్పు చల్లి, ఒక కొసన నీలం చుక్క పెట్టాడు. చుక్క కాసేపు అక్కడే ఉంది. తర్వాత మెల్లగా బయల్దేరి, మలుపు తిరిగి, మధ్యలో ఆగింది. ఇంకో చుక్క పెట్టాడు. మళ్లీ కదిలింది. "ఆంటీ, నాగావళికి నీళ్లొచ్చేశాయి!" అని ఒక్క కేక. మిగతా 13 మందీ వాడి బల్ల చుట్టూ చేరారు. ఆ పూట నాకు ఈ షాపు పెట్టినందుకు మొదటిసారి గర్వంగా అనిపించింది.

సోమవారం వాళ్ల నాయనమ్మ ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చారు. "ఏటమ్మా, గుంటడు రాత్రంతా ఒకటే ఏడుపు. ఇది బొమ్మేటి, సితికిపోయిన సీతాఫలమేటి?" అన్నారు. కవరు విప్పితే నాగావళి లేదు. నీలమంతా చెదిరిపోయి ఒకటే ముద్ద, దాని మీద కవరు అతుక్కుపోయి ఉంది.

ఏం జరిగిందంటే, మన జిల్లా ఉప్పు కదా అని నౌపడ కళ్ళుప్పు తెప్పించి మిక్సీలో ఆడించాను. ఊరగాయకైతే దానికి తిరుగులేదు. బొమ్మకి వచ్చేసరికి వేరే సంగతి. ఉప్పు గాలిలో చెమ్మ లాక్కుంటుంది, శుద్ధి చేయని ఉప్పు మరీ ఎక్కువ లాక్కుంటుంది. ఆ వారం బంగాళాఖాతంలో అల్పపీడనం, మూడు రోజులుగా ముసురు. పొద్దున్న మా వంటింట్లో ఉప్పు డబ్బా అడుగున నీరు దిగింది. అది చూసి, గుడ్డతో తుడిచి, సాయంత్రం పిల్లలకి ఉప్పు బొమ్మే పెట్టాను. ముప్పై ఏళ్లుగా వంట చేస్తున్న మనిషిని, నాకు తెలియకపోవడమేమిటి? అట్టలు, రంగులు అన్నీ సర్దేశాక మార్చడానికి బద్ధకమైంది. అంతకన్నా పెద్ద కారణం లేదు.

రెండో వారం ఉప్పు జోలికి పోలేదు. తెల్ల జిగురులో నల్ల అక్రిలిక్ రంగు కలిపి, ఆ నల్ల జిగురుతో గీతలు వేయించాను. మూడు చెంచాల జిగురుకి ఒక చెంచా రంగు. గీత ఆరితే గట్టు కట్టినట్టు లేచి ఉంటుంది, లోపల వాటర్ కలర్ నింపితే పక్క గడిలోకి పోదు. మడికి గట్టు వేసినట్టే. పిల్లలకి బాగా నచ్చే పని ఇది, గీత దాటుతుందనే భయం ఉండదు కాబట్టి. ముగ్గులు పెట్టే ఇళ్ల పిల్లలు మెలికలు ఎంత చక్కగా తిప్పారో!

కానీ గట్టు ఆరాలి కదా. తెల్ల జిగురులో దగ్గర దగ్గర సగం నీళ్లే. ఆ నీళ్లు గాలిలోకి పోతేనో, అట్ట పీల్చుకుంటేనో గాని గట్టిపడదు. మామూలుగా అయితే కంటికి తెలిసిపోతుంది, తడిగా ఉన్నంతసేపూ పాలలా ఉంటుంది, ఆరాక గాజులా అయిపోతుంది. నలుపు కలిపితే ఆ గుర్తు పోతుంది. తడిదైనా ఆరినదైనా నలుపే. నేను వేలితో పైపైన తాకి చూశాను, మీద పొర కట్టింది, ఆరిందనుకున్నాను. లోపల పచ్చిగానే ఉంది. రంగు నింపగానే కొన్ని గట్లు తెగాయి. తెగనివాటిలో కొన్ని ఒకదాని మీద ఒకటి పెట్టి కవర్లో వేసి ఇచ్చేసరికి అతుక్కున్నాయి.

ఎందుకంత తొందరపడ్డానో కూడా చెప్పేస్తాను. ఆరున్నరయ్యేసరికి బయట బళ్ల హారన్లు. "బొమ్మ ఇచ్చేయండి మేడమ్, స్టేటస్ పెట్టాలి" అని ఒకరు, "మళ్లీ ఎవరొస్తారండీ" అని ఒకరు. వాళ్ల తప్పని అనను. వచ్చేవాళ్ల చేతికి ఏదో ఒకటి ఇచ్చి పంపకపోతే 120 రూపాయలకి ఏం చేయించారని అడుగుతారేమోనని నా భయం. అందుకే ఇకనుంచి ఏ బొమ్మా ఆ రోజు ఇవ్వను. గీత ఒక వారం, రంగు తర్వాతి వారం. మధ్యలో బొమ్మ షాపులోనే ఉంటుంది. స్టేటస్‌కి ఫొటో నేనే పంపుతాను.

నల్ల మరకల విషయం. శనివారం తెల్ల యూనిఫాంతోనే చాలామంది నేరుగా బడి నుంచి వస్తారని నాకు తట్టలేదు. పోస్టర్ కలర్ అయితే సబ్బుకి చాలావరకు పోయేది, అక్రిలిక్ ఆరితే పోదు. ముగ్గురి చొక్కాలు పాడయ్యాయి, ఆ ముగ్గురికీ కొత్తవి కొనిచ్చాను. క్లాసు ఇకమీదట ఆదివారం ఉదయం 10 గంటలకి. పాత బట్టలు వేసి పంపండి. ఉత్త జిగురు అంటితే కంగారు పడకండి, ఆరకముందే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి. ఆరిపోయినా నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పెళ్లలుగా లేస్తుంది.

ఇంట్లో చేయించాలనుకునేవాళ్లు నా దగ్గరే అన్నీ కొనక్కర్లేదు. పెళ్లి శుభలేఖల వెనక వైపు, మిఠాయి పెట్టె మూత, ఇవి నేనమ్మే షీట్ల కన్నా బాగా పనికొస్తాయి. పల్చటి కాగితం మాత్రం వద్దు, జిగురు తడికి ముడుచుకుపోతుంది. అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి మైదా జిగురు చాలు. చల్లనీళ్లలో మైదా ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పండి. రెండు మూడు రోజుల్లో వాసనొస్తుంది, పారేసి మళ్లీ చేసుకోండి. పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, ఆ చిట్కా ఇంట్లో వాడకండి. త్వరగా ఆరుతుందని ఫెవిక్విక్ అడిగారు ఒకావిడ. పిల్లల పనికైతే నేను అమ్మను, వేళ్లు అతుక్కుపోతాయి.

మంది 14 నుంచి 8కి తగ్గిస్తున్నాను. ఫీజు 150 అవుతుంది. అట్టలకీ, రంగులకీ, టిఫినుకీ పోను క్లాసు మీద మిగిలేది తక్కువే. వచ్చిన పిల్ల వెళ్తూ వెళ్తూ ఒక స్కెచ్ పెన్నుల పెట్టె కొనిపిస్తుందన్నదే మా ఆశ, దాచడమెందుకు.

వచ్చే ఆదివారం అట్టకి ఎర్రమట్టి రంగు పూసి, ఆరాక, బియ్యప్పిండిలో జిగురు కలిపి తెల్లటి బొమ్మలు వేయిస్తాను. సీతంపేట వైపు సవర గిరిజనుల ఇళ్లలో గోడల మీద చూసే ఉంటారు, మనుషులు, చెట్లు, జంతువులు వరసలుగా. వాళ్లకది పూజతో కలిసిన పని, వేసేవాళ్లు వేరే ఉంటారు. అందుకని 'సవర పెయింటింగ్ క్లాస్' అని బోర్డు పెట్టను. ఎరుపు మీద తెలుపు ఎంత అందంగా ఉంటుందో పిల్లలు చూస్తే చాలు. ముసురు పడితే ఆ వారం క్లాసు ఉండదు, ముందురోజే ఫోన్ చేస్తాను.

పాడవకుండా మిగిలిన 11 బొమ్మల్లో నాలుగు మీ ఇళ్లకి చేరాయి. మిగతా ఏడూ షాపు వెనక గదిలో తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశాను, ఇప్పుడు నిజంగానే ఆరాయి. వెనకాల పేర్లు రాయించడం మాత్రం మర్చిపోయాను. ఏది ఎవరిదో నాకు తెలియదు, పిల్లల్ని వెంటబెట్టుకుని రండి.