తుంటి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లను లేపి నడిపిస్తున్న మీ అందరికీ కృతజ్ఞతలు

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్ల దగ్గర ఫిజియోథెరపీవాళ్లం ఉండేది రోజుకు మహా అయితే ముప్పావు గంట. మిగతా 23 గంటలకు పైగా వాళ్లను మంచానికే వదిలేయకుండా చూస్తున్నది మీరు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా సర్జన్లకు. ‘కాలి మీద పూర్తి బరువు మోపవచ్చు’ అని కేసు షీటులో స్పష్టంగా రాస్తున్నారు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆపరేషన్ మర్నాడు లేపడానికి ఎవరికీ ధైర్యం చాలదు, రోజులు మంచం మీదే గడిచిపోతాయి. ఆ వయసులో తొడ కండరం కరిగిపోవడానికి వారం పది రోజులు చాలు, తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

సిస్టర్లూ, లేపడానికి అరగంట ముందే నొప్పి మాత్ర ఇస్తున్నందుకు ఎంతో థాంక్స్. మొదటిసారి నొప్పితో నిలబడినవాళ్లు మర్నాడు కాలు కదపనివ్వరు. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ బీపీ చూస్తున్నారు. పడుకున్నప్పటికంటే పై అంకెలో 20 గానీ కింది అంకెలో 10 గానీ, అంతకు మించి గానీ తగ్గితే నడక ఆపి, డాక్టరుకు చెప్పి, నీళ్లు తక్కువయ్యాయా, రక్తం తగ్గిందా, పాత బీపీ మాత్రల వల్లా అని ఆరా తీస్తున్నారు. ‘కళ్లు తిరుగుతున్నాయట’ అని ఊరికే పడుకోబెట్టేసి ఉంటే ఆ కారణం దొరికేదే కాదు. యూరిన్ పైపు అవసరం తీరగానే తీయించడం మరీ గొప్ప సాయం. పైపు ఉన్నంతకాలం ఇన్ఫెక్షన్ భయం ఒకటి, లేవాల్సిన పనే లేకపోవడం ఇంకొకటి. బాత్రూముకు ఒకసారి వెళ్లి వస్తే లేవడం, నిలబడడం, నడవడం, తిరగడం, కూర్చోవడం, మళ్లీ లేవడం, అన్నీ అయిపోతాయి.

ఆయాలు, వార్డ్‌బాయ్‌లు పెద్దవాళ్లను నిలబెడుతున్న తీరు కొత్తగా చేరేవాళ్లందరూ చూడాలి. చంకల కింద చేతులు వేసి లాగడం లేదు, దానివల్ల భుజం దెబ్బతింటుంది. మంచం అంచుకు జరిపి, బాగున్న కాలి పాదాన్ని మోకాలి కిందకు లాగించి, ఆపరేషన్ కాలు కాస్త ముందుకు పెట్టిస్తున్నారు. చేతులు మంచం మీద ఆనించి లేవమంటున్నారు, వాకర్ పట్టుకుని లేస్తే అది ఒరిగిపోతుంది కాబట్టి. వాకర్ పిడి మణికట్టు ఎత్తులో ఉందో లేదో చూస్తున్నారు. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత బాగున్న కాలు. తిరిగేటప్పుడు కాలు మెలితిప్పకుండా చిన్న చిన్న అడుగులు.

ఇంటివాళ్లు కళ్లజోడు, చెవి మిషను, వెనక పట్టీ ఉన్న చెప్పులు తెచ్చిపెట్టారు. చూపూ వినికిడీ అందకపోతే ఆపరేషన్ తర్వాత వచ్చే అయోమయం ఇంకా ముదురుతుంది. మెలకువగా ఉన్నప్పుడల్లా గంటకోసారి పాదాలు పైకీ కిందకీ 10 సార్లు, తొడ బిగించి 5 సెకన్లు ఆపడం 10 సార్లు చేయిస్తున్నారు. భోజనం కుర్చీలో కూర్చోబెట్టి పెడుతున్నారు. ‘పాపం, పడుకోనివ్వండి’ అనాలనిపించినా ఆగినందుకు మీకు చేతులెత్తి దండం.

నైట్ డ్యూటీ సిస్టర్లకు ప్రత్యేకంగా. మంచం దగ్గరి బోర్డు మీద ‘వాకర్‌తో, ఒకరి సాయంతో, బాత్రూము వరకు’ అని రాసి ఉంటే దాన్ని చదివి, బెడ్‌పాన్ తేకుండా, అర్ధరాత్రి రెండింటికి కూడా లేపి నడిపిస్తున్నారు.