చిన్నబిడ్డకు, మన వరండా నుండి

నల్లగొండ

చిరంజీవి చిన్నబిడ్డకు బాపు ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమము. పోయిన ఆదివారం ఫోన్‌లో, పెద్ద వయసు వారి కోసం మీ ఆఫీసులో తయారవుతున్న యాప్ సంగతి చెబుతూ, "అక్షరాలు పెద్దగ చేసినం బాపూ, ఇంకేం గావాలె?" అని అడిగావు. అప్పటికప్పుడు జవాబు తోచక, ఆలోచించి వ్రాస్తానన్నాను. ముప్పయ్యేళ్లు పోస్టాఫీసు కౌంటరులో కూర్చొని ఎందరికో మనియార్డరు ఫారాలు నింపిపెట్టినవాడిని, ఇప్పుడు మన వరండాలో ఆ వయసు వారికే ఫోన్ పట్టుకోవడం చూపిస్తున్నాను కనుక, నా కంటబడినవి వ్రాస్తున్నాను.

ముందు ఆ అక్షరాల సంగతే చూడు. సెట్టింగ్స్‌లో సైజు పెంచితే అక్షరం పెరుగుతుంది కానీ, చాలా యాప్‌లలో దాని చుట్టూ గీసిన గడి పెరగదు. ఇంగ్లీషు అక్షరాలకు దీనివల్ల నష్టం తక్కువ. మనకు పైన గుడులు, కింద వత్తులు ఉన్నాయి. 'మొత్తం'లో త వత్తు తెగి 'మొతం' అని, 'చెల్లింపు' కాస్తా 'చెలింపు' అని కనిపిస్తే, అసలే అనుమానంతో చూసే మనిషికి ఇది దొంగ యాపేమో అనిపించడంలో తప్పేముంది? ఆండ్రాయిడ్ 14 నుండి అక్షరాలను రెండింతల వరకు పెంచుకునే వీలుంది కదా. మీరు ప్రతి తెరనూ ఆ రెండింతల దగ్గర పెట్టి, 'ఖాతా' వంటి తేలిక మాటతో కాక 'రాష్ట్రం' వంటి మాటతో పరీక్షించండి. రంగుల విషయంలో నీవు చూపించిన డబ్ల్యూసీఏజీ నియమాలు (వెబ్‌సైట్లు, యాప్‌లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే అంతర్జాతీయ నియమాలు), మామూలు అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలంటున్నాయి. అయితే వయసుతో కంటిలోని కటకం పసుపుబారుతుంది, మన వరండాలో ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఆ కనీసం దగ్గర ఆగిపోవద్దని నా మాట.

కళ్ల కంటే వేళ్ల గురించి ఎక్కువ చెప్పాలి. మర్రిగూడలో మీ మేనత్త చేతులు నీవు చూసినవే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఆ తరం వారిలో కీళ్లు బిగుసుకుపోయినవారు ఎందరో. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా, బిగుసుకున్న కీలు మళ్లీ వదులు కాదు. ఆమె బటన్‌ను తాకి వదలదు, కాలింగ్ బెల్ నొక్కినట్టు అదిమి పట్టుకుంటుంది. దాదాపు అర సెకను దాటగానే ఫోన్ దానిని వేరే రకం నొక్కుడుగా లెక్కగట్టి, ఆమె అడగని పట్టికనేదో తెర మీదికి తెస్తుంది. ఆ వ్యవధిని పెంచుకునే ఏర్పాటు సెట్టింగ్స్‌లో ఉన్నదని నేనే పోయిన ఏడాది కనుగొన్నాను, ఆమెకెలా తెలుస్తుంది? కాబట్టి అదిమి పడితే తప్ప దొరకని పనిని యాప్‌లో పెట్టకండి. బటన్ కనీసం 48 డీపీ (తెర మీద కొలతలకు వాడే ప్రమాణం), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు, ఉండాలని ఆండ్రాయిడ్ వారు చెప్పినది మంచిదే, అయితే 'సరే'కూ 'రద్దు'కూ మధ్య ఖాళీ కూడా అంతే ముఖ్యం. పొలం పని చేసి మొద్దుబారి ఎండిపోయిన వేలిని తెర ఒక్కోసారి గుర్తుపట్టదు, గుర్తుపట్టినా వారికి ఆ సంగతి తెలియదు. అప్పుడు వారు రెండోసారి ఇంకా గట్టిగా నొక్కుతారు, ఆ రెండు నొక్కుళ్లకు రెండుసార్లు డబ్బు పోకుండా చూడవలసినది మీరే.

మాటల దగ్గర నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఒక యాప్‌లో ఫారం నింపిన తరువాత 'సమర్పించు' అని ఉంటే, పక్కింటి పెద్దాయన "సమర్పించుడంటే దేవునికి గదా, నేను బ్యాంకుకు ఎందుకు సమర్పియ్యాలె?" అన్నాడు. 'పంపు' అంటే ఆయన పంపేవాడు. అలాగే మూడు గీతల గుర్తు వెనుక ఏముందో ఎవరూ ఊహించరు. దాని కింద ఒక తెలుగు మాట వ్రాస్తే మీ అందం ఏమీ చెడిపోదు.

ఓటీపీ వచ్చిన మెసేజ్ తెరిచి, ఆరు అంకెలు గుర్తుపెట్టుకొని, మళ్లీ యాప్‌లోకి వచ్చేలోపు గడువు ముగుస్తుంది. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 లాగిన్ పేరుతో జ్ఞాపకశక్తికి పరీక్ష పెట్టవద్దంటుంది కదా. ఆ అంకెలు వాటంతటవే వచ్చి కూర్చునేట్టు చేయండి. పింఛనుదారులు బతికి ఉన్నట్టు చూపే డిజిటల్ పత్రం జీవన్ ప్రమాణ్‌కు 2021 నుండి ముఖం చూపించే వీలు కలిగి వేలిముద్ర పడనివారికి మేలు జరిగింది. మీరూ అటువంటిది పెట్టదలిస్తే ఒకటి గుర్తుంచుకో: ఫోటో అనగానే మావాళ్లు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంటారు. ఆ క్షణాన తెర మీద ఏది వ్రాసినా చదవలేరు, నోటితో చెప్పాలి.

వీటన్నిటి వెనుక ఉన్నది భయం. "నొక్కితే పైసలు వోతయేమో" అన్న మాట నేను వినని రోజు లేదు. కౌంటరులో ముద్ర వేసే ముందు నేను పేరు, ఊరు, రూపాయలు గట్టిగా చదివి వినిపించేవాడిని, వారు తల ఊపిన తరువాతే ముద్ర, ఆ వెంటనే రసీదు. మీ యాప్ అంతవరకైనా చేయాలి.

ఇక నా తప్పు ఒకటి. ఎవరైనా తడబడగానే "ఇటియ్యి" అని ఫోన్ లాక్కొని నేనే చేసి ఇచ్చేవాడిని. ఏడాది గడిచినా వారిలో ఒక్కరూ నేర్చుకోలేదు, వారెక్కడ ఆగిపోతున్నారో నాకూ తెలియలేదు. ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకొని కూర్చుంటున్నాను. దసరాకు వచ్చినప్పుడు నీవూ నా పక్కన అలాగే కూర్చోవాలి. మీ మేనత్తనూ పిలిపిస్తాను. ఆ యాప్‌ను నీ ఖరీదైన ఫోన్‌లో కాక, ఇక్కడివారు వాడే చవక ఫోన్ ఒకదానిలో, మూల పగిలినదైనా సరే, ఎక్కించి తీసుకురా.

ఇట్లు,
మీ బాపు