టాలీ తీసేసే ముందు ఒకసారి ఎఫ్5 కొట్టి చూడు

ఒరేయ్ బావా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకుని ఉంటావు. తిట్టుకో, పర్లేదు. ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాలు అలాగే ఉంది, చిన్నదానికి స్కూలు తెరిచారు, ఆవకాయ అందిందని పిన్నికి చెప్పు. మిగతా కబుర్లు తర్వాత. షాపులో లెక్కలు, బిల్లులు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ తీసేసి బ్రౌజర్లో నడిచే బిల్లింగుకి మారిపోనా అని అడిగావే, దాని సంగతి చెప్పేదాకా నాకు అన్నం సయించేలా లేదు.

అమ్మడానికి వచ్చినవాడు క్లౌడ్ గురించి, ఫోన్లో స్టాకు చూసుకోవడం గురించి గంటసేపు చెప్పుంటాడు. కీబోర్డు గురించి ఒక్క ముక్క చెప్పుండడు. గొడవంతా అక్కడే ఉందిరా.

మీ గుమాస్తాగారు తెర వంక కూడా చూడరు కదా. ఎఫ్8 సేల్స్, ఎఫ్5 పేమెంటు, కంట్రోల్-ఏ కొడితే ఎంట్రీ సేవ్. ఇప్పుడు అవే చేతులు బ్రౌజర్ మీద పెట్టించు. ఎఫ్5 అంటే పేజీ రీలోడ్. ప్రైమర్లు, బ్రష్షులు, పుట్టీ సంచులు అన్నీ ఎక్కించి బిల్లు సగంలో ఉండగా కొట్టారంటే ఫారమ్ ఖాళీ. కంట్రోల్-ఏ సేవ్ చేయదు, కర్సరున్న గడిలోదంతా సెలెక్ట్ చేస్తుంది. వెంటనే వేలు ఇంకో అక్షరం మీద పడిందా, పార్టీ పేరు, అంటే సరుకు కొనేవాడి పేరు, చెరిగిపోయి ఆ ఒక్క అక్షరమే మిగులుతుంది. ఆల్ట్-డి టాలీలో వోచర్ (అంటే ఎంట్రీ) డిలీట్, క్రోమ్‌లో అడ్రస్ బార్‌లోకి దూకుతుంది. అన్నిటికీ మించి ఎఫ్12! టాలీలో కాన్ఫిగరేషన్ (సెట్టింగులు), ఇక్కడ ప్రోగ్రామర్లు వాడే డెవలపర్ టూల్స్ తెరుచుకుని సగం తెర కోడ్‌తో నిండిపోతుంది. "వైరస్సు బాబూ" అని ఆయన మెయిన్ స్విచ్ తీసేస్తారు.

టాలీ లాంటి ప్రోగ్రామ్‌కి విండోస్ కీని నేరుగా అందిస్తుంది. వెబ్ పేజీకి బ్రౌజర్ దాటాకే. ఎఫ్5, కంట్రోల్-ఎస్ లాంటివాటిని పేజీ రాసినవాళ్లు తమ పనికి మళ్లించుకోవచ్చు, ఓపిక ఉంటే. ట్యాబ్ మూసే కంట్రోల్-డబ్ల్యూ, కొత్త ట్యాబ్ తెరిచే కంట్రోల్-టీ, కొత్త కిటికీ తెరిచే కంట్రోల్-ఎన్ మాత్రం మామూలు ట్యాబ్‌లో క్రోమ్ ఎవరికీ వదలదు. అందుకే డెమోలో సగం బిల్లు కొట్టి నువ్వే ఎఫ్5 నొక్కు. హెచ్చరిక వచ్చిందా? డ్రాఫ్ట్ మిగిలిందా? తర్వాత మౌస్ తీసి పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్, బాణం గుర్తులతోనే ఒక బిల్లు పూర్తి చేయమని ఆ అమ్మేవాణ్ణి అడుగు. వాడి మొహం చూడాలి అప్పుడు.

ఇంకోటి, ఇది డబ్బుతో పని. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు సేవ్ నొక్కితే చక్రం తిరుగుతూ ఉంటుంది. బిల్లు అప్పటికే సర్వర్‌కి చేరి, జవాబు మాత్రం దారిలో ఆగి ఉండొచ్చు. కంగారులో మళ్లీ నొక్కితే ఒకే సరుక్కి రెండు బిల్లులు, స్టాకు రెండుసార్లు కోత. మంచి సాఫ్ట్‌వేరైతే ఒకే ఎంట్రీ రెండోసారి వచ్చిందని గుర్తుపట్టి వదిలేస్తుంది. అది ఉందో లేదో తెలిసేదాకా రూలు ఒకటే: చక్రం ఆగకపోతే ఇంకో ట్యాబ్‌లో బిల్లుల లిస్టు తెరిచి చూశాకే రెండో నొక్కు.

నెట్ పోతేనో అంటావు. రౌటర్ తీసేసి బిల్లు కొట్టమను, అదే పరీక్ష. ఆఫ్‌లైన్‌లో నడిచేవి ఉన్నాయి, బిల్లుల్ని బ్రౌజర్‌లోనే దాచి నెట్ వచ్చాక పంపుతాయి. కానీ ఆ లోపల ఎవరైనా బ్రౌజింగ్ డేటా డిలీట్ చేసే చోట కుకీలు, సైట్ డేటా టిక్ పెట్టి తుడిచారా, పంపని బిల్లులూ పోయినట్టే. పైగా నెట్ లేనప్పుడు రెండు కౌంటర్లూ ఒకే బిల్లు నంబరు ఇచ్చేయొచ్చు. జీఎస్టీ 46వ నిబంధన ప్రకారం ఆ ఆర్థిక సంవత్సరంలో నంబరు మళ్లీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. ఒకటికి మించి సిరీస్‌లు పెట్టుకోవచ్చు కాబట్టి కౌంటరుకొకటి పెట్టించు: ఏ/25-26/0001, బి/25-26/0001. సమస్య ఖతం.

ప్రింటింగ్ సంగతి... నీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ని మర్చిపో. టాలీలో డాట్ మ్యాట్రిక్స్ ఫార్మాట్ పెడితే అక్షరాలు అక్షరాలుగానే ప్రింటరుకి పోతాయి, టకటకా కొట్టేస్తుంది. బ్రౌజర్ పేజీనంతా బొమ్మలా పంపుతుంది, నత్తనడక. మూడంగుళాల థర్మల్ ప్రింటర్ కొను. ప్రింట్ డైలాగ్‌లో మార్జిన్స్ నన్, హెడర్స్ అండ్ ఫుటర్స్ టిక్ తీసేయి, లేకపోతే బిల్లు పైన తేదీ, అడుగున వెబ్ అడ్రసు అచ్చవుతాయి. ప్రతిసారీ డైలాగ్ రాకుండా కావాలంటే క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ చివర ఒక ఖాళీ వదిలి కియోస్క్-ప్రింటింగ్ అని ఇంగ్లీషు చిన్నబడిలో రాయాలి, ముందు రెండు అడ్డగీతలు, మధ్యలో ఒకటి. క్రోమ్ కిటికీలన్నీ మూసి ఆ షార్ట్‌కట్‌తోనే తెరవాలి.

టాలీని వెనకేసుకొస్తున్నానని అనుకోకు. దాని జబ్బులు దానికున్నాయి. ఎంట్రీ సేవ్ అవుతుండగా కరెంటు పోతే డేటా చెడొచ్చు, యూపీఎస్ బ్యాటరీ చూసుకో. బ్యాకప్ పెన్‌డ్రైవ్ సీపీయూకే గుచ్చి ఉంచితే బ్యాకప్ లేనట్టే. డేటా ఫోల్డర్‌ని వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో పెట్టి నడపొద్దు, తెరిచి ఉన్న ఫైళ్లను అది మధ్యలో లాగి పాడు చేస్తుంది. బ్యాకప్ కాపీ పెట్టుకో, అంతవరకే.

నన్నడిగితే కౌంటరు మీద టాలీ ఉండనీ. గోడౌన్ స్టాకు, నీ ఫోన్లో లెక్కలు చూసుకోవడం, వాటికి బ్రౌజర్‌ది తీసుకో. మొత్తం మారాలనే ఉంటే ఏప్రిల్ 1న మారు, నడిమధ్యలో వద్దు. ఎవరితో సంతకం పెట్టినా ముందు ఒకటి అడుగు: చందా కట్టడం మానేస్తే పాత వోచర్లన్నీ ఎక్సెల్‌లో ఇస్తారా, ఎన్నాళ్లు లాగిన్ ఉంచుతారు? జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి మరి. టాలీకైతే రెన్యువల్ మానేసినా కొన్న లైసెన్సుతో పాత పద్దులు తెరుచుకుంటాయి. మీ ఆడిటరుగారు ఈ విషయంలో ఏమన్నారో రాయి, ఆయన మాటంటే నాకు... సర్లే, అది ఫోన్లో. కింద ఆటో హారన్ కొడుతున్నాడు, పోతున్నా. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ
బావ