బడి మీటింగు సాయంత్రం పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఆడపిల్లకు చదువెందుకనే రోజుల్లో, 1923లో, పొణకా కనకమ్మ గారు నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం ప్రారంభించారు. ఆమె బడికి వెళ్లి చదువుకున్న మనిషి కాదు, ఇంట్లోనే పట్టుబట్టి నేర్చుకున్నారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. 1929లో విద్యాలయ భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు.

అలా ఊరి మనుషులు నిలబెట్టిన బడులున్న జిల్లా ఇది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఇప్పుడు సర్కారు బడి కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. కానీ మీటింగు పగటిపూట పెడితే నాట్లకు, కోతలకు వెళ్లే తల్లులు కూలి వదులుకుని ఎలా వస్తారు? చివరికి సంతకాలే మిగులుతున్నాయి. దయచేసి సాయంత్రం ఆరు తర్వాత పెట్టమని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాను.

- ఒక తల్లి, కోవూరు, నెల్లూరు జిల్లా