శీనుగాడికి, చిన్ని స్పోర్ట్స్ సీటు గురించి

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టేసెయ్, తర్వాత తీరిగ్గా చదువుకుందువుగాని. నీ వాయిస్ మెసేజ్ వచ్చి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు. దానికి జవాబుగా నేను ఒట్టి బొటనవేలు బొమ్మ పెడితే నువ్వేమని ఉంటావో కూడా తెలుసు. ఫోన్ చేద్దామనే అనుకున్నా. కానీ ఫోన్లో అయితే నువ్వు మధ్యలో లెక్కల మాస్టారి స్కూటర్ సంగతి ఎత్తుతావు, ఇద్దరం ఓ అరగంట నవ్వుకుంటాం, అసలు విషయం గోవిందా. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు పర్వాలేదు. గోంగూర పచ్చడి అందింది, అయిపోయింది కూడా. జాడీ మాత్రం తిరిగి ఇవ్వనని చెల్లెమ్మకి చెప్పు. అంతే, ఇంకేం విశేషాల్లేవు.

ఇక మీ అమ్మాయి చిన్ని సంగతి. "బ్యాడ్మింటన్ మీద సెకండరీ సీటు ముందే వచ్చేస్తుందంటగా, వస్తే పీఎస్‌ఎల్‌ఈ గోల ఉండదుగా" అన్నావు. మొదటి ముక్క నిజం. రెండో ముక్క, సింగపూర్‌లో ఆరో క్లాసు చివర రాసే ఆ పెద్ద పరీక్షే ఉండదన్నది, వినగానే నాకు గుండె గుభేల్‌మంది. చిన్ని వచ్చే ఏడాది ప్రైమరీ సిక్స్, అంటే నీకు టైముంది. ఇప్పుడే సరిగ్గా తెలుసుకో.

డీఎస్ఏ అంటే డైరెక్ట్ స్కూల్ అడ్మిషన్. సింగపూర్‌లో 2004 నుంచి ఉంది. ఆటలో గానీ, సంగీతంలో గానీ, ఏదో ఒక సబ్జెక్టులో గానీ పిల్లకి దమ్ముంటే పీఎస్‌ఎల్‌ఈ మార్కులు రాకముందే సెకండరీ బడి తీసుకోవచ్చు. సీటు ఖాయమని మాట వస్తుంది, పరీక్ష మాత్రం పోదు. ఎంత బాగా ఆడినా, మార్కులు ఆ బడి తీసుకునే పోస్టింగ్ గ్రూపుకి, అంటే స్కోరుని బట్టి పిల్లల్ని పెట్టే మూడు గ్రూపుల్లో దానికి, సరిపోవాలి. ఒక్కో సబ్జెక్టుకి ఏఎల్ 1 నుంచి ఏఎల్ 8 దాకా గ్రేడు, నాలుగు సబ్జెక్టులు కలిపి స్కోరు 4 నుంచి 32 దాకా ఉంటుంది, ఎంత తక్కువైతే అంత గొప్ప. 20 దాకా ఉంటే గ్రూప్ 3. 23, 24 వస్తే గ్రూప్ 2. 26 నుంచి 30 దాకా గ్రూప్ 1, దానికి ఇంగ్లీషు, లెక్కల్లో కనీసం ఏఎల్ 7 ఉండాలి. 21, 22, 25 మధ్యలో ఉన్నవి, వీటికి రెండు గ్రూపుల్లో ఒకటి కోరుకోవచ్చు. ఇప్పుడు చిన్నిని తీసుకున్న బడిలో గ్రూప్ 3 ఒక్కటే ఉందనుకో, పిల్లకి 23 వచ్చిందనుకో. ఆఫర్ పోయినట్టే. రాకెట్ పట్టుకుని మళ్లీ అందరితో పాటు, మార్కుల మీద సీటిచ్చే మామూలు పోస్టింగ్ వరసలో నిలబడాలి.

లాభం ఎక్కడంటే, మామూలుగా 10 దగ్గర కటాఫ్ ఆగిపోయే బడికి కూడా 19తో వెళ్లొచ్చు. కటాఫ్ అడ్డురాదు, గ్రూపు ఒక్కటే చూస్తారు. వినడానికి బాగుంది కదూ? మరి క్లాసులో పక్కన కూర్చునేది 8, 9 తెచ్చుకున్న పిల్లలే. ఆ మాట ఎవరూ చెప్పరు. సాయంత్రం ఆరున్నరకి ప్రాక్టీసు నుంచి వచ్చి వాళ్లతో సమానంగా హోంవర్కు చెయ్యాలి. చిన్ని చేస్తుందేమో, దానికి ఆ పట్టుదల ఉంది. నీలాగా కాదు.

అసలు మెలిక ఇంకోటుంది, నేను ఇంత రాయడానికి కారణం అదే. బడులు ఇచ్చిన ఆఫర్లని ఏ వరసలో కోరుకుంటున్నామో విద్యాశాఖ (ఎంఓఈ) పోర్టల్‌లో పెట్టాల్సింది అక్టోబరు చివర్లో. పీఎస్‌ఎల్‌ఈ మార్కులు వచ్చేది నవంబరు చివర్లో. అర్థమైందా? మనం ఎంసెట్ కౌన్సెలింగ్‌కి ర్యాంకు కార్డు చేత్తో పట్టుకుని మాసాబ్ ట్యాంక్‌లో బోర్డు మీద మిగిలిన సీట్లు చూసుకుంటూ కాలేజీ తీసుకున్నాం. ఇక్కడ ముందు కాలేజీ, తర్వాత ర్యాంకు. వరస పెట్టాక అందులో ఒక బడి ఖాయమైందంటే, ఇక చిన్నికి మామూలు పోస్టింగ్ లేదు. స్కోరు 7 వచ్చినా సరే, వేరే బడికి మారతామంటే ఒప్పుకోరు. ఆ బడిలో చేరి, చదువు పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలి. నాలుగేళ్లో, ఆరేళ్లో, ఆ బడి కోర్సుని బట్టి.

కాబట్టి నువ్వూ చెల్లెమ్మా మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒకటే. చిన్నికి మీరు ఊహించినదానికంటే మంచి మార్కులు వస్తే, అప్పుడు కూడా ఈ బడే కావాలనిపిస్తుందా? జవాబు "అవును" కాకపోతే వరసలో ఆ బడి పెట్టొద్దు. ఆఫర్ ఇచ్చారు కదా, వద్దంటే బాగోదేమో అని మొహమాటపడకు. నీ మొహమాటం సంగతి నాకు తెలియదా, ఒకసారి పెళ్లిలో రెండు పంక్తుల్లో కూర్చుని తిన్నావు. వద్దనుకుంటే వరస పెట్టకుండా వదిలెయ్, మామూలు పోస్టింగ్‌కి వెళ్లిపోవచ్చు.

దీనికి తిరగేసిన తప్పు కూడా జరుగుతుంది. ఒకే బడి కన్‌ఫర్మ్‌డ్ ఆఫర్ ఇచ్చింది, ఇంకేం చెయ్యాలి అనుకుని ఊరుకుంటారు. ఒక్కటే ఉన్నా పోర్టల్‌లో పెట్టాల్సిందే, లేకపోతే ఆఫర్ మాయం. వెయిటింగ్ లిస్టు వచ్చిందా, అది ఎవరైనా వద్దంటే తప్ప రాని సీటు, లెక్కలో పెట్టుకోకు.

ఇప్పుడు మొదట్నుంచీ చెబుతా. అప్లికేషన్ మే మొదట్లో తెరుచుకుంటుంది, జూన్ మొదట్లోనే మూసేస్తారు. ఎంఓఈ పోర్టల్, సర్కారు ఆన్‌లైన్ ఐడీ అయిన నీ సింగ్‌పాస్‌తో లాగిన్ అవ్వాలి. పైసా ఫీజు లేదు. ఇదివరకు ఒక్కో బడికీ విడిగా దరఖాస్తు పెట్టేవాళ్లు, 2019 నుంచి అంతా ఒక్కచోటే. మూడు ఎంపికలు ఇస్తారు. కావాలంటే ఒకే బడికి రెండు వేర్వేరు ఆటల కింద రెండు ఎంపికలు వాడుకోవచ్చు, కానీ చిన్నికి ఆ అవసరం లేదు, అది బ్యాడ్మింటనే.

ఐదో క్లాసు, ఆరో క్లాసు మార్కులు, సీసీఏ (బడిలో చదువు కాక చేసేవి), నాఫా అనే ఫిట్‌నెస్ పరీక్ష ఫలితాలు, బడి తరఫున వచ్చిన బహుమతులు, ఇవన్నీ చిన్ని బడి నుంచే వెళ్లిపోతాయి. బయట క్లబ్బు టోర్నమెంట్లు మాత్రం నువ్వే రాయాలి. సర్టిఫికెట్లు లామినేషన్ చేయించి ఫైళ్లు కట్టకు, ఎవరూ బరువు తూచరు. నాఫా మాత్రం తేలిగ్గా తీసుకోకు. సిటప్స్, నిల్చుని దూకడం, ముందుకి వంగి అందుకోవడం, వాలుగా ఉండి చేసే పుల్లప్స్, షటిల్ రన్, 1.6 కిలోమీటర్ల పరుగు. ఆరో క్లాసులో మళ్లీ ఉంటుంది. పరుగులో ఆయాసపడుతుందని నువ్వన్నావు, ఇప్పట్నుంచే వారానికి రెండుసార్లు పార్కులో పరిగెత్తించు.

మూడు బడులు ఎంచుకోవడంలోనే చాలామంది దెబ్బతింటారు. మూడూ పేరున్న బడులే రాస్తారు. నేషనల్ స్కూల్ గేమ్స్‌లో ఏటా కప్పు కొట్టే బడికి మన పిల్లలాంటివాళ్లు కుప్పలు తెప్పలుగా వస్తారు. ఒకవేళ తీసుకున్నా, సీ డివిజన్ టీమ్‌లో బెంచీ మీద కూర్చోబెడతారు. సెకండరీ వన్, టూ పిల్లలు ఆడేది సీ డివిజన్. కోచ్ ఆలోచనంతా అక్కడే ఉంటుంది. ఈ ఏడు సెకండరీ టూలో ఉన్నవాళ్లు బీ డివిజన్‌కి వెళ్లిపోతే, నాకు ఎంతమంది అమ్మాయిలు కావాలి? ఆ ఖాళీ ఎక్కడుందో చూడు. బ్యాడ్మింటన్ ఉన్న బడిలో అమ్మాయిల టీమ్ ఉందో లేదో కూడా చూడు, కొన్ని చోట్ల అబ్బాయిలదే ఉంటుంది. ఒక పెద్ద బడి, ఒక మధ్యరకం, ఒకటి మీ ఇంటికి దగ్గర్లోది, ఇలా పెట్టు. పుంగ్గోల్ నుంచి బుకిట్ తిమా దాకా రోజూ పోయిరావడం అంటే ఒక వైపే గంట, కిట్ బ్యాగుతో.

ఇంకోటి, ఇది మనవాళ్లకే తగిలే సమస్య. ఇక్కడ బడుల్లో తెలుగు మాతృభాషగా లేదు కదా, చిన్ని హిందీ చదువుతోంది. సెకండరీలో చాలామందికి హిందీ క్లాసులు శనివారం సెంటర్లో ఉంటాయి. కొన్ని బడుల్లో శనివారం ఉదయమే ప్రాక్టీసు. ఇవి రెండూ ఢీకొంటాయి. ఓపెన్ హౌస్‌కి వెళ్లినప్పుడు ముందు ఇదే అడుగు, క్యాంటీన్ ఎలా ఉందో తర్వాత చూడొచ్చు.

ట్రయల్స్. మే చివరి నుంచి సెప్టెంబరు మొదటిదాకా ఎప్పుడైనా పిలవొచ్చు. వచ్చే జూన్ సెలవులకి గుంటూరు టికెట్లు కొనేసి ఉంటావు, నాకు తెలుసు. ఈసారి వద్దు. పిలుపు నాలుగైదు రోజుల ముందు కూడా రావొచ్చు, నానమ్మ ఇంట్లో ఉంటే ట్రయల్ ఎవరు ఆడతారు?

ట్రయల్‌లో స్మాష్ చూస్తారనుకుంటారు. చూడరు. పన్నెండేళ్ల పిల్లల్లో ఎవరు గట్టిగా కొట్టారన్నది కాదు, కొట్టాక కాళ్లు ఎక్కడికి వెళ్లాయన్నదే చూస్తారు. బ్యాక్‌హ్యాండ్ మూలకి షటిల్ వేసి, వెంటనే నెట్ దగ్గర వేస్తారు, మధ్యలోకి తిరిగొస్తుందా లేదా? క్లియర్ కొడితే బ్యాక్‌లైన్ దాకా వెళ్తుందా, సగంలో పడుతుందా? పాయింటు పోయాక మొహం ఎలా పెడుతుంది? మొన్న చిన్ని ఆడిన వీడియో పంపావు కదా, నేను చూసింది స్మాష్‌ని కాదు. ఎడమ మూల నుంచి వెనక్కి రావడానికి ఒక అడుగు ఆలస్యం. ఆ ఒక్క అడుగు సరిచేయించు, కోచ్‌కి చెప్పు, మిగతావన్నీ తర్వాత.

ఫెదర్ షటిల్‌తో ఆడిస్తున్నావా? నైలాన్ షటిల్ అలవాటైన పిల్లలకి ఇక్కడ తడబాటు వస్తుంది. ఫెదర్ మొదట్లో వేగంగా వెళ్లి చివర్లో వేగం పోయి నిలువుగా దిగుతుంది, నైలాన్ అంత నిలువుగా దిగదు. వెనక్కి వెళ్లే లెక్క తప్పుతుంది. ట్రయల్‌కి రెండు రోజుల ముందు కొత్త స్ట్రింగ్, కొత్త బూట్లు వద్దు. రెండో రాకెట్ కూడా అదే టెన్షన్‌తో ఉండాలి, ఒకటి తెగితే రెండోది చేతికి కొత్తగా అనిపించకూడదు.

ఇంటర్వ్యూలో వ్యాయామ టీచరు, కోచ్ ఉంటారు, ఒక్కోసారి ఇంకొకరు. "టీమ్‌లో చోటు రాకపోతే ఏం చేస్తావు?" అని అడిగే అవకాశం ఎక్కువ. బట్టీ జవాబు నేర్పించకు. కోచింగ్ సెంటర్లు ఈ పేరు చెప్పి డబ్బులు గుంజుతున్నాయి, "డీఎస్ఏ ప్యాకేజీ" అట! మాక్ ఇంటర్వ్యూకి వందల డాలర్లు! పిల్లలు చిలకల్లా ఒకే వాక్యం అప్పజెబుతుంటే కోచ్‌లకి ముందే తెలిసిపోతుంది. దాన్ని నువ్వే కూర్చోబెట్టి, ఓడిపోయిన ఆట గురించి మాట్లాడించు. అదే చాలు. ఇంకా ఏదో చెప్పాలి... ఆఁ, దెబ్బల సంగతి. చీలమండో మోకాలో దెబ్బతిని ఆట ఆగిపోతే పిల్లని ఏం చేస్తారని నువ్వే బడిని అడుగు. అడగడానికి సిగ్గుపడతారు జనం.

స్పోర్ట్స్ స్కూల్ మాటేంటి అన్నావు. వుడ్‌లాండ్స్‌లో ఉంది, అదీ 2004లో మొదలైందే. పోర్టల్ ద్వారా కాదు, నేరుగా వాళ్లకే అప్లై చెయ్యాలి. హాస్టల్ ఉంటుంది, ప్రాక్టీసుకి తగ్గట్టు చదువు టైమ్‌టేబుల్ మారుస్తారు. 2021లో హుయెల్వాలో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మన గుంటూరు శ్రీకాంత్‌ని ఓడించిన లోహ్ కీన్ యూ చదివింది అక్కడే. ఆ రాత్రి నువ్వు టీవీ కట్టేసి గ్రూపులో పెట్టిన మెసేజ్ నా దగ్గర ఇంకా ఉంది, ఎవరికీ చూపించలేదులే. చిన్ని ఆటే జీవితం అనుకుంటుందా, ఆట కూడా ఉండాలనుకుంటుందా? దాన్నే అడుగు. మొదటిదైతే వుడ్‌లాండ్స్ వెళ్లి చూసి రండి, రెండోదైతే మామూలు బడే మేలు. చెల్లెమ్మ హాస్టల్ అంటే ఏడుస్తుందని కాదు, పన్నెండేళ్లకి...

అయ్యో, నా కోచింగ్ బ్యాచ్ పిల్లలు వచ్చేశారు, హాలు తలుపు తీస్తున్నారు. ఓపెన్ హౌస్‌లో అడగాల్సినవి చెల్లెమ్మకి విడిగా పంపుతా. నువ్వు మాత్రం ఆ జూన్ టికెట్లు ఈ రాత్రే క్యాన్సిల్ చేసెయ్.