‘లోకలెట్టు’ అంటే దొరకాలి

సంపాదకులకు నమస్కారం.

వరదలొచ్చిన ప్రతిసారీ అధికారుల ప్రకటనల్లో ఒక మాట చదువుతుంటాం. ‘స్థానిక ఛానళ్లలో స్క్రోలింగులు ఇచ్చి ప్రజలను అప్రమత్తం చేశాం’ అని. ఇచ్చే ఉంటారు. నాకు అనుమానం లేదు. కానీ ఆ స్క్రోలింగు నడుస్తున్న ఛానల్ అవసరమైన రాత్రి మా ఇంట్లో దొరకలేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది శ్రీకాకుళం పట్టణం, నాగావళికి దగ్గర వీధి. ఆ మధ్య వానాకాలంలో ఒక రాత్రి ఏరు పొంగుతోందని వీధిలో అలజడి మొదలైంది. నేనూ మా ఆయనా ఊళ్లో లేము. ఇంట్లో ఉన్నది డెబ్బై దాటిన మా అత్తగారు, పదకొండేళ్ల మా అమ్మాయి. ‘ఒలే గుంటా, లోకలెట్టు. ఏట్లో నీరెంతొచ్చిందో సెప్తారు’ అన్నారట ఆవిడ. లోకల్ అంటే మా ఊరి కేబుల్ ఛానల్, ‘ఎట్టు’ అంటే పెట్టు. పిల్ల రిమోటు తీసి అలవాటైన నంబరు నొక్కింది. అక్కడ ఏదో హిందీ సీరియల్. అంతకు కొన్నాళ్ల ముందే టీవీకి తగిలించే సెట్‌టాప్ డబ్బా మార్చి కొత్తది పెట్టి వెళ్లారు, నంబర్లన్నీ అటూ ఇటూ అయిపోయాయి. జాబితా తెరిస్తే వందల పేర్లు, అన్నీ ఇంగ్లీషు పొడి అక్షరాలు. వాటిలో ‘లోకల్’ ఏదో తెలియాలంటే ఒక్కొక్కటీ నొక్కి చూడాలి. నొక్కుతూనే ఉంది పాపం, చేతులు వణుకుతుంటే. చివరికి ఎదురింటాయన వచ్చి, నీళ్లు మన వీధి దాకా రావు, పడుకోండి అని చెప్పి వెళ్లారు. ఆ రాత్రి రాలేదు. వచ్చి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ డబ్బా పెట్టినవారి పేరు రాయను. నలుగురిని అడిగి చూశాను, వేరే వేరే కనెక్షన్లున్న ఇళ్లలోనూ ఇదే తంతు.

మన జిల్లాల్లో ఈ ఛానల్‌ని దాని అసలు పేరుతో పిలిచేవారిని నేను చూడలేదు. మా వీధిలో అది ‘లోకల్’. మా పుట్టింటి వైపు ‘కేబులు’. ఏ కంపెనీదైనా సరే ‘సిటీ కేబుల్’ అనేవాళ్లూ ఉన్నారు. ‘నిన్న లోకల్లో కనపడ్డావే’ అంటారు పైడితల్లి సిరిమానోత్సవానికి వెళ్లొచ్చినవాళ్లను చూసి. ‘కేబుల్లో ఏయించండి’ అంటారు సంచీ పోయినవాళ్లతోనూ, మేక తప్పిపోయినవాళ్లతోనూ. యజమాని పెట్టుకున్న పేరు తెర మూల ముద్రలో ఉంటుంది. జనం నోట్లో ఉన్న పేరు ఎక్కడా ఉండదు.

టీవీ విషయంలో మనవాళ్లది మొదటినుంచీ ఇదే పద్ధతి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మా చిన్నతనంలో మేడ మీద యాంటెన్నా తిప్పుతూ చూసిన రోజుల్లో మా నాన్న దాన్ని దూరదర్శన్ అనేవారు కాదు, ‘హైదరాబాదు’ అనేవారు. సాయంత్రం తెలుగు అయిపోయి 1982లో మొదలైన జాతీయ కార్యక్రమం రాగానే ‘ఢిల్లీ వచ్చేసింది, కట్టెయ్’ అనేవారు. ఇచ్ఛాపురంలో మా మేనమామ ఇంట్లో ఒడియా కార్యక్రమాలు వస్తుంటే వాళ్లకది ‘బరంపురం’. బొమ్మ ఎక్కడినుంచి వస్తోందో ఆ ఊరి పేరే ఛానల్ పేరు. ఇవాళ మన రాష్ట్రానికి సప్తగిరి, తెలంగాణకు యాదగిరి అని రెండు తెలుగు దూరదర్శన్ ఛానళ్లున్నాయి. మా అత్తగారికి మాత్రం రెండూ ‘గవుర్మెంటు టీవీ’యే. ఊరి ఛానల్‌కి ‘లోకల్’ అన్న పేరు ఇదే దారిలో వచ్చింది. అక్కడినుంచి వచ్చేది హైదరాబాదూ కాదు, ఢిల్లీ కాదు, మన ఊరు.

పేర్ల విషయంలో శ్రీకాకుళం వాళ్లకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. రైల్వేవారి బోర్డు మీద మా స్టేషను ‘శ్రీకాకుళం రోడ్’. దాని కోడ్ ఇంకా సీహెచ్ఈ, ఇంగ్లీషువాళ్ల నాటి చికాకోల్ నుంచి మిగిలింది. మేము మాత్రం ఆటో ఎక్కి ‘ఆమదాలవలస స్టేషనుకి’ అంటాం. ఆటో అబ్బాయికి అర్థమవుతుంది, తీసుకెళ్లి దింపుతాడు. కానీ డబ్బా ఆటో అబ్బాయి కాదు. జాబితాలో ఏ అక్షరాలుంటే ఆ అక్షరాలతోనే వెతుక్కోవాలి.

కేంద్ర సమాచార ప్రసార శాఖ 2022 నవంబరు 30న ఈ స్థానిక ఛానళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. కేబుల్ పంపిణీ సంస్థలు సొంతంగా నడిపే ఛానళ్లను నమోదు చేయించాలి, ఒక్కోదానికి రుసుము రూ.1,000. ప్రసారం చేసినదంతా 90 రోజులు దాచి ఉంచాలి. మొత్తం ఛానళ్ల సామర్థ్యంలో ఇవి 5 శాతం మించకూడదు. స్థానిక వార్తలు వేయాలంటే కంపెనీగా నమోదై ఉండాలి. ఇవన్నీ మంచివే. ఎవరు పడితే వారు ఏది పడితే అది చూపించకుండా ఒక అదుపు ఉండాలి. జాబితాలో ఈ ఛానళ్లన్నీ ఒకేచోట ఉండాలనీ, మామూలు ఛానళ్ల నుంచి వేరుగా తెలియడానికి తెర మీద ‘ప్లాట్‌ఫామ్ సర్వీసెస్’ అన్న మాట కనపడాలనీ కూడా అందులో ఉంది. చూసేవాడికి తెలియాలనే కదా ఆ గుర్తు! మా వీధిలో ఆ మాటకు అర్థం చెప్పగలిగినవారు నాకు ఒక్కరూ దొరకలేదు. మా అమ్మాయి అది చదవగలదు. చదివి, ఇది రైలు ప్లాట్‌ఫారమ్ గురించా అని నన్నడిగింది. మా అత్తగారు చదవలేరు. ఆవిడ తెలుగు చదువుతారు, మీ పత్రిక రోజూ చదువుతారు.

అంటే ఆ ఛానల్‌కి ఇప్పుడు మూడు పేర్లు. చట్టానికి ఒకటి, యజమానికి ఒకటి, జనానికి ఒకటి. మొదటి రెండూ తెర మీద ఉన్నాయి, మూడోది లేదు. నేను అడుగుతున్నది ఆ మూడోది కూడా రాయమని. ‘లోకల్ – శ్రీకాకుళం’, ‘లోకల్ – విజయనగరం’, ‘లోకల్ – రాజాం’ అని, తెలుగు అక్షరాల్లో, జాబితాలోనూ తెర మూలలోనూ.

‘లోకల్’ ఇంగ్లీషు మాట కదా, ‘స్థానిక వాహిని’ అని రాస్తే బాగుంటుంది కదా అని తెలుగు మీద ప్రేమున్నవారు అనవచ్చు. నాకూ ఆ ప్రేమ ఉంది. కానీ ‘స్థానిక వాహిని ఎట్టు’ అని ఏ ఇంట్లోనైనా అంటారా? జనం నోట్లో ఉన్నదే భాష అని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మన పర్వతాలపేటలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ‘లోకల్’ ఈ ముప్పై ఏళ్లలో మన నోళ్లలో నలిగి తెలుగైపోయింది. ‘లోకలెట్టు’లో సంధి కూడా కుదిరింది. దాన్ని తెలుగు లిపిలో రాస్తే మా అత్తగారు చదువుకుంటారు. నాకు అది చాలు.

ఈ కాలంలో టీవీ ఎవరు చూస్తున్నారు, అందరికీ ఫోన్లున్నాయిగా అన్నారు మా బంధువు ఒకాయన. ఫోన్లో ఆ రాత్రి వచ్చినవి ఏమిటో నేను తరువాత చూశాను. ఎప్పటివో ఎక్కడివో తెలియని వరద వీడియోలు నాలుగు, వాటి కింద ‘మన నాగావళి’ అని రాతలు. లోకల్లో అయితే మనకు తెలిసిన మనిషి, మనకు తెలిసిన వంతెన మీద నిలబడి చెబుతాడు. వెనక నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో మనమే చూసుకోవచ్చు. తుపాను వస్తే కరెంటే ఉండదు, టీవీ ఎందుకన్నారు మరొకరు. తిత్లీ తీరం దాటిన 2018 అక్టోబరు 11 తరువాత ఉద్దానంలో రోజుల తరబడి చీకటే, నిజమే. కానీ కబురు చేరవలసింది కరెంటు పోకముందు. పైగా నదుల వరద తుపానులా రాదు. నాగావళీ వంశధారా రెండూ ఒడిశాలో పుట్టినవి. ఇక్కడ ఎండ కాస్తుండగానే పైన కురిసిన వాన నీరు దిగివస్తుంది. నాగావళి మీద తోటపల్లి దగ్గర, వంశధార మీద గొట్టా బ్యారేజీ దగ్గర గేట్లు ఎత్తారన్న కబురు కొన్ని గంటల ముందు తెలిస్తే పశువులను విప్పుకోవచ్చు, బియ్యం అటక మీదకు ఎక్కించుకోవచ్చు. ఆ గంటల్లో మన ఇళ్లలో కరెంటు ఉంటుంది, టీవీ ఉంటుంది. ఛానల్ దొరకడమే కావాలి.

జిల్లాలను విడగొట్టిన 2022 ఏప్రిల్ 4 నుంచి తోటపల్లి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. ఏటికి జిల్లాలు తెలియవు కాబట్టి పై జిల్లా హెచ్చరిక కింది జిల్లా లోకల్లో కూడా వెంటనే రావాలి. ఇది అధికారులు తమలో తాము మాట్లాడుకుని చేయగల పని.

నంబరు సంగతి కూడా చెప్పాలి. డబ్బా మార్చినా, ప్యాకేజీ మార్చినా లోకల్ నంబరు మాత్రం మార్చకండని ఆపరేటర్లందరినీ వేడుకుంటున్నాను. మార్చక తప్పకపోతే పాత నంబరులో నెల రోజులు ‘లోకల్ ఇప్పుడు ఫలానా నంబరులో ఉంది’ అని తెలుగులో ఒక పలక పెట్టండి. నెల డబ్బులకు ఇంటికొచ్చే అబ్బాయి చేత ఒక చీటీ మీద నంబరు రాయించి ఇప్పించండి. కలెక్టర్లు తమ తమ జిల్లాల ఆపరేటర్లను వానలు మొదలయ్యేలోగా ఒకసారి పిలిచి మాట్లాడితే ఇవన్నీ జరుగుతాయని నా నమ్మకం. పెద్ద ఖర్చున్నవి కావు.

మిమ్మల్ని కూడా ఒకటి అడగాలనుంది. జిల్లా పేజీలో వరద హెచ్చరిక వేసిన రోజున కంట్రోల్ రూమ్ ఫోను నంబరు ఇస్తుంటారు. దాని పక్కనే మన ఊళ్లలో లోకల్ ఏ కనెక్షన్‌లో ఏ నంబరులో వస్తుందో కూడా వేయండి. మా అత్తగారు ఆ ముక్క కత్తిరించి రిమోటు వెనక అంటించుకుంటానన్నారు.

– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం